ఇల్లు దగ్గరపడిన రాత్రే ఆగండి

2021 ఫిబ్రవరి 14, ఆదివారం. తెల్లవారుజాము నాలుగు గంటల ప్రాంతం. మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గాకు బయల్దేరిన టెంపో ట్రావెలర్ కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై అదుపు తప్పింది. డివైడర్ దాటి, అవతలి వైపు వస్తున్న లారీని ఢీకొంది. బండిలో 18 మంది ఉన్నారు. 14 మంది చనిపోయారు. నలుగురు పిల్లలు ప్రాణాలతో మిగిలారు.

అది యాత్రలో మొదటి రాత్రి. అప్పటికింకా డ్రైవర్ ఒంట్లో వారం రోజుల అలుపు చేరలేదు. అయినా ఆ జాము ఎంత పని చేసిందో చూశాం. అదే జామున, పది రోజులు తిరిగి తిరిగి సొంత ఊరికి మళ్ళిన బండి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. లోపల అందరూ నిద్రలో ఉంటారు. డ్రైవర్ కళ్ళు మండుతుంటాయి. ఎవరో ఒకరు సగం నిద్రలో అడుగుతారు: “నిద్ర వస్తా ఉందా అన్నా?” ఆయన చెప్పే మాట మనందరికీ తెలిసిందే: “లేదన్నా, ఇంక గంటే, పోయేస్తాం.”

ఆ గంట గురించే ఈ హెచ్చరిక.

వేసవి సెలవులు ముగింపుకొచ్చాయి. జూన్ రెండో వారంలో బళ్ళు తెరుస్తారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి కాశీకి, ప్రయాగకు, షిర్డీకి, ఊటీ, కొడైకెనాల్‌కు పోయిన కుటుంబాలు ఇప్పుడు తిరుగు దారిలో ఉన్నాయి. విదేశాల్లో మంచాలు, వంటగది ఉన్న క్యాంపర్ వ్యానుల్లో కుటుంబాలు వారాల తరబడి తిరుగుతాయి. మన దగ్గర టెంపో ట్రావెలరే ఇల్లు. పైన బియ్యం మూటలు, వెనక స్టవ్వు, సీట్ల మధ్య దుప్పట్లు, కిటికీలకు ఆరేసిన తువ్వాళ్ళు. అవ్వాతాతల నుంచి చంటిపిల్లల దాకా మూడు తరాలు ఒకే బండిలో. ఇంతకన్నా అందమైన ప్రయాణం లేదు. దాన్ని ఎవరూ మానుకోనక్కర్లేదు. చివరి రాత్రి మాత్రం బండి నడపకండి. చీకటి పడ్డ ఊళ్ళోనే ఆగండి. పడుకోండి. తెల్లారాక బయల్దేరండి.

చివరి రాత్రే ఎందుకంటే, లెక్క చూడండి. కాశీ నుంచి వచ్చే బండి నాగపూర్ మీదుగా వస్తుంది. నాగపూర్ నుంచి హైదరాబాదుకు సుమారు 500 కిలోమీటర్లు. అక్కడి నుంచి అనంతపురానికి 350 పైన. అనంతపురంలో 44వ నంబరు రహదారి వదిలి, కదిరి, ములకలచెరువు, అంగళ్ళు మీదుగా మదనపల్లె చేరడానికి ఇంకో 150. మొత్తం వెయ్యి కిలోమీటర్లు. “నాగపూర్‌లో పొద్దున్నే లేచి పడితే రాత్రికి ఇంట్లో ఉంటాం” అని పెద్దాయన లెక్క వేస్తాడు. గంటకు సగటున 60 కిలోమీటర్లు పోయినా అది దాదాపు 17 గంటల పని. భోజనాలు, టీలు, టోల్ గేట్లు ఆ లెక్కలోకి రాలేదు.

ఆ 17 గంటలు అన్న అంకె దగ్గర కాస్త నిలబడాలి. డాసన్, రీడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. వరసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని తేల్చారు. 24 గంటలు మేలుకొంటే అది 100 మిల్లీగ్రాములతో సమానం. మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములే. తాగి నడిపేవాడి బండిలో మన పిల్లల్ని ఎక్కించం. నిద్ర చాలని మనిషి బండిలో మాత్రం ఇంటిల్లిపాదీ ఎక్కి కళ్ళు మూసుకుంటున్నాం.

మన ఒంట్లో ఒక గడియారం ఉంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా అది మనిషిని బలవంతంగా నిద్రలోకి లాగుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా కొంత లాగుతుంది. అలాంటప్పుడు కళ్ళు తెరిచి ఉన్నా మెదడు నాలుగైదు సెకన్లు ఆగిపోతుంది. నిద్రపోయినట్టు ఆ మనిషికే తెలియదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే నూరు మీటర్లు. అంత దూరం స్టీరింగ్ పట్టుకున్నవాడు లేని బండిలో మీరు కూర్చున్నట్టు.

తప్పు మనదే కానక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 11న ప్రయాగ కుంభమేళా నుంచి తిరిగొస్తున్న హైదరాబాదు వాసుల బండిని మధ్యప్రదేశ్‌లోని జబల్పూర్ జిల్లా సిహోరా దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ ఢీకొంది. ఏడుగురు చనిపోయారు. ఎదుటివాడు చేసే తప్పు నుంచి తప్పించుకోవాలన్నా మన డ్రైవర్ కన్ను, కాలు చురుగ్గా ఉండాలి. ఆ చురుకునే అలుపు తినేస్తుంది.

ఇక మన రోడ్డు సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే దారి మీదున్న ఊళ్ళు. 42వ నంబరు జాతీయ రహదారి అనంతపురం నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. ఉత్తరాది యాత్ర నుంచి వచ్చేవాళ్ళు ఒక కొస నుంచి, శబరిమల, పళని, అరుణాచలం నుంచి వచ్చేవాళ్ళు రెండో కొస నుంచి ఈ రోడ్డెక్కుతారు. నాలుగు వరసల హైవే మీద వచ్చిన వేగం డ్రైవర్ కాలిలో అలాగే ఉండిపోతుంది. ముందున్నది మాత్రం మలుపులు, ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు, రాత్రిపూట టమోటా లోడుతో పోయే లారీలు. చలికాలంలోనైతే తెల్లవారుజామున మంచు దిగి పది గజాల ముందు ఏముందో కనపడదు.

పలమనేరు దాటాక ఇంకో ప్రమాదం ఉంది. అది కౌండిన్య అడవి. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో ఏనుగులు రాత్రిళ్ళు పొలాల మీదికి, రోడ్ల మీదికి వస్తాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర బెంగళూరు హైవే దాటుతున్న మూడు ఏనుగులు సరుకు బండి ఢీకొని చనిపోయాయి. చీకట్లో నల్లటి ఏనుగు హెడ్‌లైట్ వెలుగుకు కూడా ఆలస్యంగా కనపడుతుంది. మెలకువగా ఉన్న డ్రైవర్‌కే కష్టం, తూగే డ్రైవర్ సంగతి చెప్పేదేముంది.

ఇంకొకటి గమనించండి. బంధువులంతా కలిసి ఒకే బండి మాట్లాడుకొని ఉత్తరం నుంచి తిరిగొచ్చేటప్పుడు మదనపల్లె వాళ్ళు ముందు దిగుతారు. తర్వాత పుంగనూరు వాళ్ళు. కుప్పం వాళ్ళది ఆఖరు. బండిలో మనుషులు తగ్గేకొద్దీ మాటలు తగ్గుతాయి. మిగిలిన కుటుంబం నిద్రపోతుంది. డ్రైవర్ అలుపు ఎక్కువయ్యే కొద్దీ ఆయనకు తోడు తక్కువవుతుంది. ఏనుగులు తిరిగే దారిలోకి వచ్చేసరికి ఆయన దాదాపు ఒంటరి. కుప్పంలో అందరినీ దించాక, నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కి మదనపల్లెకు ఖాళీ బండి తోలుకొని పోయేది కూడా ఆయనే. ఆయనకూ ఇంట్లో ఎదురుచూసే పిల్లలున్నారు.

డ్రైవర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మనం ఆయన్ని ఎలా చూస్తున్నామో ముందు చూసుకుందాం. లాడ్జిలో మనకు రూములు తీసుకుంటాం, ఆయన్ని బండిలో దోమల మధ్య పడుకోమంటాం. మూడు గంటలకే లేపి “దర్శనానికి లైను పెరుగుతుంది” అంటాం. అరుణాచలంలో పున్నమి రాత్రి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ మనతో పాటు ఆయనా చేస్తాడు. అది ముగియగానే మనం సీట్లలో వాలిపోతాం, ఆయన స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. ఇంకో రోజు బాడుగ పడుతుందని మనం తొందరపెడతాం. మరుసటి పొద్దున ఇంకో బాడుగ ఉందని ఓనర్ ఫోన్ చేస్తాడు. ఈ రెండు తొందరల మధ్య ఆ మనిషి “నిద్ర వస్తోంది” అని నోరు తెరిచి చెప్పలేడు.

చట్టం మాత్రం స్పష్టంగానే చెప్పింది. 2025లో కొత్త కార్మిక చట్టాలు వచ్చే దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం డ్రైవర్ పని మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా ఉండేది. ఏకబిగిన 5 గంటల పని దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ కూడా డ్రైవర్ల పని గంటలను ఆ చట్టానికే కట్టింది. నాగపూర్ నుంచి ఒకే మనిషితో ఒకే రోజులో ఇల్లు చేరాలనుకోవడం ఆ 8 గంటల హద్దుకు రెండింతలు దాటడమే.

కాబట్టి బండి మాట్లాడుకునే రోజే ఒక రాత్రి ఎక్కువ వేసుకోండి. ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళు అనంతపురంలో ఆగండి. వేళ ఉంటే కదిరి దాకా వచ్చి, అక్కడ పడుకొని, పొద్దున నరసింహస్వామి దర్శనం చేసుకొని బయల్దేరండి. దక్షిణం నుంచి వచ్చేవాళ్ళు కృష్ణగిరిలో ఆగండి. గిరిప్రదక్షిణ చేసినవాళ్ళు అరుణాచలంలోనే పడుకోండి. ఆ రూముల ఖర్చు పదిహేను మంది పంచుకుంటే మనిషికి ఎంతో కాదు.

ఆలస్యంగా మదనపల్లె చేరారా, అందరూ అక్కడే దిగండి. ఆ ఊరి బంధువుల ఇంట్లో చాపలు పరిచి పడుకోండి. పుంగనూరు, కుప్పం వాళ్ళు పొద్దున టిఫిన్ తిని బయల్దేరవచ్చు. డ్రైవర్‌కూ ఒక చాప, ఒక దిండు, ఫ్యాను కింద చోటు ఇవ్వండి. దూరం ఎక్కువైతే ఇద్దరు డ్రైవర్లను అడగండి. ఉన్న ఒక్కరికీ ప్రతి రాత్రీ మంచం మీద నిద్ర దొరికేలా చూడండి.

బండిలో ముందు సీటు నిద్రపోయే సీటు కాదు. రెండు గంటలకొకరు చొప్పున మారుతూ అక్కడ మెలకువగా కూర్చోండి. డ్రైవర్ మాటిమాటికీ ఆవులిస్తున్నా, ముఖం రుద్దుకుంటున్నా, తిరగాల్సిన మలుపు దాటిపోయినా, బండి తెల్ల గీత మీదికి జరుగుతున్నా ఇక అడగడం లేదు, ఆపించడమే. ఏసీ పెంచడం, పాటలు పెట్టడం, గుట్కా, చన్నీళ్ళు నిద్రను తీర్చవు. మన పోలీసులు అర్ధరాత్రి బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తున్నారు. అది మంచి పనే, కానీ కడిగిన ముఖం నిద్ర తీరిన మెదడుకు సమానం కాదు. టీ తాగి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే కొంత తేరుకుంటారు. ఆ కాస్త బలంతో దగ్గరి ఊరు చేరి పడుకోవాలి, ఇంటి దాకా లాగకూడదు. ఆపేటప్పుడు రోడ్డు పక్కన ఆపకండి. పెట్రోలు బంకు ఆవరణలోకి గానీ, టోల్ ప్లాజా పార్కింగ్‌లోకి గానీ పోండి.

వెనక సీట్లలోనూ బెల్టు పెట్టుకోండి. పిల్లల్ని డ్రైవర్ పక్కన, ఒడిలో కూర్చోబెట్టకండి. సామాన్లతో నడవా మూసేయకండి. గ్యాస్ సిలిండర్ బండెక్కనివ్వకండి. 2023 ఆగస్టులో మదురైలో యాత్రికుల రైలు పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. ఆపద వస్తే జాతీయ రహదారి మీద 1033, అంబులెన్సుకు 108, పోలీసుకు 112.

బండ్ల ఓనర్లకు ఒక మాట. తిరిగొచ్చిన బండిని అదే పొద్దున మళ్ళీ అదే డ్రైవర్‌తో పంపకండి. అధికారులకు ఒక మాట. సెలవుల చివరి వారం అంగళ్ళు, పలమనేరు, కుప్పం దగ్గర రాత్రి తనిఖీలు పెట్టండి. లైసెన్సు అడిగినట్టే, ఎన్ని గంటల నుంచి నడుపుతున్నాడో అడగండి. తూగుతున్న మనిషి పడుకునేందుకు అక్కడే చోటు చూపించండి.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో ఇంటికి బయల్దేరినవాళ్ళు ఎందరో. బంధువులారా, మీ వాళ్ళు ఇప్పుడు దారిలో ఉంటే ఈ సాయంత్రమే ఫోన్ చేయండి. “ఎప్పుడొస్తారు?” అని అడగకండి. “ఎక్కడున్నారో అక్కడే పడుకోండి, రేపు పగటిపూట రండి” అని చెప్పండి.