మాత్రే కదా అనుకోవద్దు

సెలైన్‌తో ఎక్కించే కీమోకి నర్సు ఉంటుంది, డాక్టరు ఉంటాడు, మంచం దగ్గర చార్టు ఉంటుంది. అదే క్యాన్సర్‌కి ఇంట్లో వేసుకునే మాత్ర రాసిస్తే ఆ కాపలా అంతా వంటింట్లో ఉండే మనిషి మీద పడుతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పరు.

మా రేణిగుంట నుంచి తిరుపతి స్విమ్స్‌కో, రాయవేలూరు సీఎంసీకో వెళ్లి, సంచిలో మాత్రలతో తిరిగొచ్చేవాళ్లు ఇప్పుడు చాలామందే. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కి ఇచ్చే ఇమాటినిబ్‌నే తీసుకోండి. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. గ్లివెక్ పేరుతో నెలకు లక్ష రూపాయల పైన అమ్మారు. హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీలు అదే మందును పది వేల లోపే ఇవ్వగలిగాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి పేటెంట్ నిరాకరించింది కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు. అంత పోరాటం మీద అందిన మాత్రని శనివారం ఒక్కపొద్దు అని మానేస్తే ఎట్లా?

మానేయడం ఎప్పుడూ చిన్నగానే మొదలవుతుంది. "ఇప్పుడు బాగుండాదే, ఇంక మాత్ర ఎందుకు?" అంటారు పెద్దవాళ్లు. లండన్‌లో 87 మంది సీఎంఎల్ రోగుల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మాత్రల్లో నూటికి తొంభైకి మించి వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకు జబ్బు బాగా అణిగే అవకాశం 94 శాతం. అంతకు తగ్గినవాళ్లలో 28 శాతమే. అంటే నెలలో మూడు మాత్రలు పోయినా ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. అట్లాగని నిన్న మర్చిపోయింది కలిపి ఈరోజు రెండు వేయకూడదు. కళ్ల చుట్టూ వాపు వచ్చినా, పిక్కలు పట్టేసినా, వాంతులైనా డాక్టరుకు ఫోన్ చేయాలే గానీ మనమే ఆపేయకూడదు.

తిండి లెక్క కూడా మందును బట్టి మారుతుంది. ఇమాటినిబ్ అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఎర్లోటినిబ్, నిలోటినిబ్ ఖాళీ కడుపుతోనే. పక్కింటి ఆయన ఎట్లా వేసుకుంటున్నాడో చూసి మనం నేర్చుకునేది కాదు. గ్యాస్ మాత్రలు ఎర్లోటినిబ్ లాంటివాటిని ఒంటికి సరిగ్గా పట్టనీయవు. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని డాక్టర్లు చెబుతారు. మన పంపరపనస దాని తల్లి జాతి, కాబట్టి అదీ వద్దు. చుట్టాలు తెచ్చిచ్చే నాటుమందు, కషాయం ఏదైనా సరే ముందు డాక్టరుకు చెప్పాలి.

ఈ మాత్రల్ని బీపీ, షుగర్ మాత్రల డబ్బాలో కలపొద్దు. డాక్టరు చెప్పందే నూరొద్దు, విరగ్గొట్టొద్దు. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్ల ఉంటే ఆ పని ఆమెకు అసలు అప్పగించొద్దు. మిగిలిపోయినవి చెత్తబుట్టలో వేయకుండా ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయాలి.

ఇన్ని జాగ్రత్తలు ఇల్లాలి జ్ఞాపకశక్తి మీద వదిలేయడం న్యాయమేనా? మందుతో పాటు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక కాగితం ఇవ్వాలి. ఎప్పుడు వేసుకోవాలి, దేనితో వేసుకోవాలి, మర్చిపోతే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. డాక్టరుకు తీరిక లేదంటారు, నిజమే. కానీ ఒకసారి అచ్చు వేసిన కాగితం వెయ్యిమందికి పనికొస్తుంది. డబ్బాల మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదువుకున్నవాళ్లకే అర్థం కావు, ఇక మా జేజి వయసువాళ్లకు ఎట్లా అర్థమవుతాయి?

ఆ కాగితం వచ్చేదాకా ఊరుకోనక్కర్లేదు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నోటుపుస్తకం పట్టుకెళ్లి ఆ నాలుగు ప్రశ్నలూ అడిగి రాసుకోండి. వేసిన ప్రతి మాత్రకీ క్యాలెండర్‌లో గీత పెట్టే పని రోగికే అప్పగించండి, చేయగలిగితే. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ లెక్క తెలిసి ఉండాలి. మనం ఒక పూట ఊరెళ్లినా మాత్ర ఆగకూడదు కదా.