కొండలు ఖాళీ జగా కాదు



విశాఖ కెమికల్ ఫ్యాక్టరీల జిక్ర్ వచ్చినప్పుడల్లా ఒక సలహా వినిపిస్తుంది: "బస్తీల మధ్య ఎందుకు? ఏజెన్సీ కొండల్లో పెట్టేస్తే పోలా? అక్కడ ఎవరుంటారు?"

పాడేరులో ఉంటూ ఈ మాటకు ఖామోష్‌గా ఉండలేను. ఇక్కడ మేమున్నాం. మాకంటే ముందు నుంచీ గూడేల్లో ఆదివాసీలున్నారు. వాళ్లు మన హమ్‌సాయాలు. మన ఇంటి ముప్పును పొరుగింటి వాకిట్లో దింపి రమ్మని ఏ దీన్ చెప్పింది?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి ఆవిరై బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. సైరన్ మోగించలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలని తెలిసీ గఫ్లత్ చేస్తే అది తఖ్దీర్ కాదు, జుల్మ్.

1961లో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది నగరానికి అవతల. నగరం పెరిగి దాని గోడల దాకా వచ్చింది. మధ్యనున్న ఖాళీని కాపాడే జిమ్మేదారీ ఎవరూ తీసుకోలేదు. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా పోయారు. ఆ సరుకు నగరం పక్కనే గోదాములో ఏళ్ల తరబడి పడి ఉంది.

ఇక కొండల సంగతి. స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది. వంజంగి కొండెక్కి చూసినవాళ్లకు తెలుసు, చలికాలం పొద్దున మబ్బు లోయలో ఎలా పేరుకుంటుందో. విషవాయువూ అలాగే పేరుకుంటే? రోగిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్నచోట ఎవరు ఎవర్ని ఏ దారిన కాపాడతారు?

కానూన్ లేక కాదు. ప్రమాదకర రసాయనాలుంచే ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనానికి ముప్పేమిటో, అప్పుడేం చేయాలో ముందే చెప్పాలని 1989 నిబంధనలున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం ఉంది. లేనిది అమలు చేసే నియ్యత్.

కాబట్టి మన ముతాలబా ఇది: ఫ్యాక్టరీ ఎక్కడున్నా చుట్టూ హద్దు గీయండి, ఆ హద్దులో ఇంటికి ఇజాజత్ ఇవ్వకండి. ఏ సరుకు ఎంతుందో జనానికి అర్థమయ్యే జబాన్‌లో రాసి గేటుకు కట్టండి. సైరన్ జనం ముందే మోగించి చూపండి. దూరం పెట్టడమంటే బీదవాడి వైపు నెట్టడం కాదు. విశాఖవాడి జాన్ ఎంత విలువైందో గూడెంవాడి జాన్ కూడా అంతే. ఇన్సాఫ్ అంటే అదే.