వైరస్ సైలెంట్.. అలారం మాత్రం ఆన్!

స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా వెనకాల ఏదో యాప్ నడుస్తుంటే ఫోన్ చార్జింగ్ దిగిపోతూనే ఉంటుంది కదా! హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఒంట్లోనూ దాదాపు ఇదే కథ. ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడితే వైరస్ టెస్టుకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. కానీ కొన్ని కణాల్లో దాక్కునే ఉంటుంది. పైగా, మొదట్లోనే దెబ్బతిన్న పేగు గోడల నుంచి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి చేరుతుంటాయి. దాంతో ఇమ్యూనిటీకి రెస్టే ఉండదు. ఈ ఆగని ఇన్‌ఫ్లమేషనే ఏళ్ల తరబడి రక్తనాళాలను దెబ్బతీసి గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతుంది.

అలాగని ఏఆర్‌టీ ఆపితే ఇంకా డేంజర్. మధ్యమధ్యలో ఆపినవాళ్లలోనే గుండె జబ్బులు, మరణాలు ఎక్కువని 2006లోనే స్మార్ట్ అనే స్టడీ తేల్చింది.

మంచి కబురూ ఉంది. 2023లో వచ్చిన రిప్రీవ్ ట్రయల్‌లో మన దేశంతో సహా 12 దేశాలకు చెందిన 7,769 మంది పాల్గొన్నారు. అందరూ 40-75 ఏళ్ల వాళ్లే. పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకున్నవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే, గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 35 శాతం తగ్గాయి.

అందుకే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లినప్పుడు మాత్రలు తీసుకుని వచ్చేయకండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూడమనండి. నలభై దాటితే ఈ మాత్ర మీకు అవసరమా అని డాక్టర్‌ని అడగండి. సిగరెట్ అలవాటుంటే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, ఇవాళే మానేయండి!