నాన్న తాగుడు, మీ ఆఫర్ లెటర్

ప్లేస్‌మెంట్ సీజన్‌లో కోడింగ్ రౌండ్ గురించి అందరూ మాట్లాడతారు. ఇంట్లో తాగుడు గురించి ఎవరూ నోరెత్తరు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో చదువుకుంటున్న మీలో కొందరి అసలు ప్రశ్న ఇది: బెంగళూరులో ఉద్యోగం వస్తే వెళ్లాలా, నాన్నను కనిపెట్టుకుని ఇక్కడే ఉండిపోవాలా?

ముందు రాష్ట్రం సంగతి చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. 1997లో నిషేధం సడలింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికొచ్చాయి. 2024 అక్టోబరులో 3,396 షాపులను లాటరీ తీసి మళ్లీ ప్రైవేటుకు ఇచ్చారు. రూ.99కే క్వార్టర్ కూడా వచ్చింది. పాలసీ ఇలా మారుతూనే ఉంటుంది. షాపు మూసే రోజు కోసం కూర్చుంటే మీ ఇంటి సమస్య తీరదు.

మరి వైద్యం? ఢిల్లీ ఎయిమ్స్ నేతృత్వంలో జరిగిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేల్చింది. మిగతా ఇళ్లలో నడిచేవి ఒట్లు, గొడవలు, బతిమాలుకోవడాలు. కొందరు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. మాల తీశాక మళ్లీ మొదలు. ‘వాడికి పట్టుదల లేదు’ అనేస్తాం. కానీ 41 రోజులు ఆగిన మనిషికి పట్టుదల ఉన్నట్టే కదా! లేనిదల్లా 42వ రోజుకి ప్లాన్.

ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. ప్రాణం మీదకు రావచ్చు. గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ సమస్యను అనారోగ్యంగానే గుర్తించింది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ‘ఊళ్లో తెలిస్తే పరువు పోతుంది’ అనే అమ్మకు ఈ మాట చెప్పండి.

ఇక కుటుంబం పాత్ర. చికిత్సకు ఒప్పుకోని వాళ్ల ఇళ్లమీద 1999లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. అందరూ చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో 30 శాతం మందే చికిత్సకు వచ్చారు. కుటుంబానికి శిక్షణ ఇచ్చిన పద్ధతిలో 64 శాతం మంది వచ్చారు. ఆ శిక్షణలో ఏముంది? తాగని పూట దగ్గరగా ఉండటం. తాగిన పూట వాదన పెట్టుకోకపోవడం. ఆయన తప్పులను కప్పిపుచ్చకపోవడం. మనసు మెత్తబడిన సమయం చూసి ఆసుపత్రి మాట ఎత్తడం. వీటితో పాటు మీ జీవితాన్ని మీరు సరిగా నడుపుకోవడం.

మొదటి ప్రశ్నకు జవాబు ఈ చివరి మాటలోనే ఉంది. మీరు ఇంట్లో కాపలా ఉన్నంత మాత్రాన తాగుడు ఆగదు. ఇంట్లో కొట్టడం, భయపెట్టడం లేకపోతే ఉద్యోగానికి వెళ్లండి. ఉంటే ముందు అమ్మను, తమ్ముడు చెల్లెళ్లను సురక్షితమైన చోటికి చేర్చండి. జీతం మొదలయ్యాక ఇంటి ఖర్చు అమ్మ ఖాతాలోనే వేయండి. నాన్న అప్పులకు హామీ సంతకం పెట్టొద్దు. పెడితే ఆ బాకీ మీ మెడకూ చుట్టుకుంటుంది. గుంటూరు జీజీహెచ్ మానసిక వైద్య విభాగానికి ఎవరు తీసుకెళ్లాలో, మందులు ఎవరు చూసుకోవాలో బాబాయితోనో మేనమామతోనో కూర్చుని పంచుకోండి. మానేసినవాళ్లు మళ్లీ జారడం మామూలే. బీపీ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరకు వెళ్తాం కదా, ఇదీ అంతే. ఆ రోజు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మీ మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండూ ఉచితమే. ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, మొదటి కాల్ మీరే చేయొచ్చు.