పైరును కొలిచే లేజరు స్కానరు: తయారీదారు ధ్రువపత్రం చాలదు

నేలపై స్టాండు మీద నిలిపి వాడే లేజరు స్కానర్లు అటవీ పరిశోధన నుంచి పంట పరిశోధన క్షేత్రాలలోకి వస్తున్నాయి. పైరును కోయకుండానే ఎత్తు, ఆకు విస్తీర్ణ సూచిక, జీవద్రవ్యరాశి అంచనా కట్టవచ్చుననే ఆశ నిరాధారమైనది కాదు. అయితే పరికరంతోపాటు వచ్చిన ధ్రువపత్రాన్ని చూసి క్రమాంకనం పూర్తయిందని భావించడం పొరపాటు. ఆ పత్రం హామీ ఇచ్చేది దూరానికి, కోణానికి మాత్రమే. స్కానరు ఆకును కొలవదు. కాంతి తగిలి వచ్చిన చోటు ఎంత దూరంలో ఉన్నదో చెబుతుంది. ఆ బిందువుల నుంచి ఆకు విస్తీర్ణాన్ని రాబట్టేది పరిశోధకుని లెక్క. దానిని సరిచూడవలసినదీ అతడే.

లేజరు కిరణం గీత వంటిది కాదు, దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. 0.3 మిల్లీరేడియన్ల విస్తరణ గల కిరణం 20 మీటర్ల దూరంలో సుమారు 6 మిల్లీమీటర్లు అదనంగా విచ్చుకుంటుంది. వరి ఆకు వెడల్పే ఒక సెంటీమీటరు అటూఇటూ. కిరణంలో సగం ఆకు అంచుకు, సగం వెనుకనున్న మరో దుబ్బుకు తగిలినప్పుడు కొన్ని పరికరాలు రెండింటికీ నడుమ, ఏమీ లేని గాలిలో బిందువును నమోదు చేస్తాయి. చదునైన గోడపై జరిపే పరీక్షలో ఈ దోషం బయటపడదు.

తిరిగివచ్చే కాంతి తీవ్రత సంగతి మరింత చిక్కైనది. 905, 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద పచ్చని ఆకు కాంతిని బాగా పరావర్తనం చేస్తుంది. 1550 వద్ద ఆకులోని నీరు అందులో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది. కనుక మంచు పట్టిన ఉదయం, ఎండిన మధ్యాహ్నం ఒకే మడిని స్కాన్ చేసినా తీవ్రత ఒకటిగా ఉండదు. దగ్గరి దూరాలలో అనేక పరికరాల తీవ్రత విలోమవర్గ నియమాన్ని అనుసరించదు కూడా. పరావర్తన విలువ తెలిసిన పలకలను ప్రయోగంలో వాడబోయే దూరాలలోనే నిలిపి సవరణ వక్రరేఖను గీసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అడవుల కోసం రూపొందిన పద్ధతులను దమ్ము చేసిన మడికి యథాతథంగా తేవడం వల్ల వచ్చే ముప్పు ప్రత్యేకమైనది. అడవిలో పైకి పంపిన కిరణం తిరిగి రాకపోతే అది కొమ్మల సందులోంచి ఆకాశానికి పోయిందని అర్థం. నిలువనీటి వరిలో కిందికి వంగిన కిరణం నీటిపై అద్దంలో వలె జారిపోయి తిరిగి రాకపోవచ్చు. లేదా నీటిలోంచి ఆకుకు తగిలి వచ్చి నేలకు దిగువన లేని మొక్కను చూపవచ్చు. మడిలో నీరు ఉన్నదా, తీసివేశారా అన్నది నమోదు చేయని స్కానుకు విలువ తక్కువ.

ఆకుల వాలు ప్రభావం స్వల్పంగా ఉండే 57.5 డిగ్రీల కోణాన్ని ఎంచుకుంటే కొంత ఊరట లభిస్తుంది. కానీ పిలక దశలో కుదిరిన సమీకరణం పొట్ట దశలో కుదరదు. ముందు వరుస వెనుక వరుసను కప్పివేస్తుంది. కనబడని ఆకు లెక్కకు రాదు. దశ దశకూ పైరును కోసి, ఆకులు వేరుచేసి, విస్తీర్ణం కొలిచి, ఓవెన్‌లో స్థిర బరువు వచ్చేవరకు ఎండబెట్టి పోల్చవలసిందే. స్కానుకు నిమిషాలు చాలు, ఈ పనికి పూటలు పడతాయి. విద్యార్థులు దీనిని తగ్గించుకోవాలని చూడటం సహజమే. మార్గదర్శకులు అంగీకరించడం మాత్రం సమర్థనీయం కాదు.

సహసంబంధం 0.9 దాటిందని చూపి ఊరుకోవడమూ సరికాదు. అంచనాలన్నీ నాలుగో వంతు తక్కువగా వచ్చినా సహసంబంధం అంతే ఘనంగా ఉంటుంది. అటువంటి జీవద్రవ్యరాశి అంచనాను నమ్మి పైపాటు నత్రజనిని సూచిస్తే నష్టపోయేది రైతు. సిద్ధాంత గ్రంథంలో రేఖ వాలు, దోషపు దిశ, క్రమాంకనానికి వాడని మడులలో వచ్చిన ఫలితం, పంటకాలం మొదట్లోనూ చివరనూ అవే పలకలపై తీసిన కొలతలు తప్పనిసరిగా ఉండాలని విభాగాలు నియమం పెట్టుకోవాలి.