బ్రిడ్జిని రమ్మీ పక్కన కూర్చోబెట్టిన తీర్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పత్రికల జిల్లా పేజీలో పేకాట అన్న మాట కనిపించిందంటే అది నేరవార్తే. పోలీసుల దాడి, పట్టుబడిన నగదు, స్టేషనుకు చేరిన బైకులు, అంతే. పెద్దమండ్యం లాంటి మండలంలో తోపులోనో గుట్ట చాటునో సాగే లోపలా బయటా ఆటకూ, ఆసియా క్రీడల్లో పతకాలిచ్చిన బ్రిడ్జికీ తేడా ఉందంటే నమ్మేవాళ్లు తక్కువ. రెండింట్లోనూ అవే 52 ముక్కలు, అవే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. జనం అలా అనుకోవడంలో వింత లేదు. పేకాట విషయంలో ఈ దేశంలో తరచుగా ఉదహరించే సుప్రీంకోర్టు తీర్పు కూడా బ్రిడ్జిని ముక్కల పంపకం దగ్గరే చూసి వదిలేసింది. పైగా ఆ కేసు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినదే.

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై నిజాం కాలపు హైదరాబాదు జూదం చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అన్న ఆ కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా ఇచ్చిన తీర్పు ప్రకారం రమ్మీ మూడు ముక్కలాట లాంటి అదృష్టపు ఆట కాదు; ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే పోలిక వచ్చింది: రమ్మీలో ఉన్న అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని, కలిపి పంచే ఏ ఆటలోనైనా అది తప్పదని. ఈ పోలిక వల్ల రమ్మీకి మర్యాద దక్కింది. బ్రిడ్జికి మాత్రం నష్టమే జరిగింది. ఎందుకంటే బ్రిడ్జిని బ్రిడ్జి చేసేది పంపకం కాదు, పంపకం అయ్యాక ఒక్క ముక్క కూడా కింద పడకముందే జరిగే బిడ్డింగ్. దానితో పోల్చదగినది రమ్మీలో ఏదీ లేదు.

ఆట తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జోడీ. ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఏ రంగును తురుపు చేసుకుని ఎన్ని పట్లు గెలుస్తామో రెండు జోడీలూ పోటీపడి పాడతాయి. ఒకటి నుంచి ఏడు వరకు, నాలుగు రంగులూ తురుపు లేని ఆటా కలిపి మొత్తం 35 బిడ్లు. వాటికి పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38. జోడీదారుకు తన చేతిలో ఏముందో చెప్పుకోవడానికి మనిషికి దొరికేవి ఈ 38 మాటలే. కనుసైగ, దగ్గు, గొంతులో మార్పు ఏదీ పనికిరాదు. ఒక చేతికి రాగల పదమూడు ముక్కల కలయికలేమో 63,501 కోట్ల పైచిలుకు. ఇంత తక్కువ మాటలతో అంత చెప్పాలంటే మాటకు ఉన్న అర్థం చాలదు, ఒప్పందం కావాలి. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున లెక్కేసి, 15 నుంచి 17 పాయింట్లు ఉండి రంగులు సమంగా ఉంటే నా జోడీదారు ‘ఒకటి, తురుపు లేదు’ అని తెరుస్తారు. నేను ‘రెండు కళావర్లు’ అంటాను. నా చేతిలో కళావర్లు ఉన్నాయో లేవో దానితో సంబంధం లేదు. నీ దగ్గర నాలుగు ఇస్పేట్లు గానీ నాలుగు ఆఠీన్లు గానీ ఉన్నాయా అని అడుగుతున్నానన్నమాట. దీని పేరు స్టేమన్. అమెరికాలో శామ్ స్టేమన్ 1945లో దీని గురించి రాశాడు కాబట్టి పేరు ఆయనకు దక్కింది, కనిపెట్టింది ఆయన జోడీదారు జార్జ్ రాపీ. అలాగే బ్లాక్‌వుడ్: ‘నాలుగు, తురుపు లేదు’ అంటే ఆసులెన్ని అని ప్రశ్న. ‘అయిదు డైమన్లు’ అని బదులొస్తే ఒకటి అని అర్థం.

రహస్య సంకేతాలతో జోడీగా మోసం చేయడమే కదా ఇది అని ఎవరైనా అంటే, ఆ అనుమానం న్యాయమైనదే. పశువుల సంతల్లో దళారీలు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే పద్ధతి మనకు పాతదే. ఆ ఇద్దరికి తప్ప చుట్టూ నిలబడినవారికి ధర తెలియదు, తెలియకూడదనే తువ్వాలు. బ్రిడ్జిలో చట్టం ఆ తువ్వాలును తీసేయమంటుంది. జోడీ చేసుకున్న ప్రతి ఒప్పందాన్నీ కన్వెన్షన్ కార్డు మీద రాసి ప్రత్యర్థుల ముందు పెట్టాలి. మామూలు అర్థం లేని బిడ్డు పడినప్పుడు, నిబంధన కోరితే, హెచ్చరించాలి. వాళ్లు అడిగితే వివరించాలి, అదీ బిడ్డు వేసినవారు కాదు, వారి జోడీదారు. అంటే నా మాటకు అర్థమేమిటో నా ఎదురుగా ఉన్నవారు నా శత్రువులకు చెప్పాలి, నేను నోరు మూసుకుని వినాలి. ఇంత బహిరంగంగా మాట్లాడుకునే పేకాట ఇంకొకటి నాకు కనబడదు. మన చేతిలో ఏ ముక్కలున్నాయో దాచుకోవచ్చు గానీ, మన భాషను దాచుకోకూడదు.

అబద్ధం ఆడవచ్చా అంటే, ఆడవచ్చు. లేని బలం ఉన్నట్టు బిడ్డు వేయడం నిబంధనలకు విరుద్ధం కాదు, కానీ ఆ అబద్ధానికి ప్రత్యర్థులతో సమానంగా జోడీదారు కూడా మోసపోవాలి. వీడు ఇలాంటప్పుడు బొంకుతాడు అని నాకు ముందే తెలిసి ఉంటే అది ఒప్పందమే అవుతుంది, దాన్నీ బయటపెట్టాల్సిందే. ఇంకా సూక్ష్మమైన నియమం ఇంకొకటి. జోడీదారు పాస్ అనడానికి ముందు చాలాసేపు ఆలోచించారనుకుందాం. ఆ తటపటాయింపు వల్లే వారి చేతిలో కొంత బలం ఉందని నాకు తెలిసిపోయింది. తెలిసినా సరే, ఆ తెలివిడితో నేను బిడ్డు వేయకూడదు. వేస్తే పోటీ డైరెక్టరును పిలిచి స్కోరు సరిదిద్దించుకునే హక్కు ప్రత్యర్థులకు ఉంది. తనకు తెలిసిన సంగతిని తెలియనట్టు పక్కన పెట్టి నిర్ణయం తీసుకోమనే ఆట ఇది. కాలేజీ పిల్లలకు దీన్ని మించిన పాఠం ఏ నీతిశాస్త్రం పుస్తకంలో ఉందో చెప్పమనండి.

నియమాలున్నంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు. 1965లో బ్యూనస్ ఎయిరిస్ ప్రపంచ పోటీలో ఒక బ్రిటిష్ జోడీ ముక్కలు పట్టుకునే వేళ్ల లెక్కతో ఆఠీన్ల సంఖ్య చెప్పుకున్నారని ఆరోపణ వచ్చింది. ప్రపంచ సంఘం దోషులంది, బ్రిటన్‌లో జరిగిన విచారణ రుజువు కాలేదంది. 1975లో జోడీదారులు ఒకరినొకరు చూడకుండా బల్లకు అడ్డంగా తెర పెడితే, ఆ పోటీలోనే బల్ల కింద కాళ్ల సైగలు దొరికాయి. 2015లో వీడియోలు మళ్లీ మళ్లీ చూసి, పెద్ద పేరున్న జోడీల మీద వేలు చూపింది తోటి ఆటగాళ్లే. ఇవన్నీ ఆటకు మచ్చలే, కాదనను. అయితే ఏది కుంభకోణమైందో గమనించాలి. డబ్బు పోయినందుకు కాదు, ముక్క మార్చినందుకు కాదు. కార్డు మీద రాయని భాష మాట్లాడారన్నందుకు.

ఇక కోర్టు చెప్పిన అదృష్టం సంగతి. క్లబ్బులో నలుగురు కూర్చుని ఆడే బ్రిడ్జిలో అది నిజమే, మంచి ముక్కలు వచ్చినవాడు గెలుస్తాడు. పోటీల్లో ఆడేది మాత్రం డూప్లికేట్ బ్రిడ్జి. ఒకసారి పంచిన ముక్కలనే బోర్డులో పెట్టి బల్ల తర్వాత బల్లకు పంపుతారు. అవే ముక్కలతో మిగతా జోడీలు ఏం చేశాయో దానితో పోల్చి మార్కులు వేస్తారు. చెత్త ముక్కలు వచ్చినా గెలవవచ్చు, తక్కువ ఓడితే చాలు. పంపకపు అదృష్టాన్ని ఇంత శుభ్రంగా తుడిచేసే ఏర్పాటు రమ్మీ బల్ల దగ్గర లేదు. మిగిలేది నిర్ణయం. జట్టు పోటీలో గేమ్ బిడ్డు, అంటే బోనసు తెచ్చే పెద్ద బిడ్డు, నెగ్గే అవకాశం సగం కన్నా తక్కువైనా కొన్ని పరిస్థితుల్లో వేయడమే సరైన లెక్క, ఎందుకంటే నెగ్గితే వచ్చేది ఓడితే పోయేదాని కన్నా ఎక్కువ. ఓడిపోయిన బిడ్డును మంచి బిడ్డని, గెలిచిన బిడ్డును చెడ్డదని ఒప్పుకోగలగడం ఈ ఆట అలవాటు చేస్తుంది. 2022లో పారిస్‌లో నూక్ అనే కంప్యూటరు ప్రోగ్రామ్ ఎనిమిది మంది ప్రపంచ చాంపియన్ల కన్నా బాగా ఆడింది. అయితే ఆ పోటీలో బిడ్డింగే లేదు, కాంట్రాక్టు, అంటే చివరికి నిలిచే బిడ్డు, ముందే ఖాయం చేసి ముక్కలు వేయడం మాత్రమే పరీక్షించారు. కష్టమైన సగాన్ని పక్కన పెట్టారన్నమాట.

బ్రిడ్జిని కూడా డబ్బుకు ఆడరా అని అడుగుతారు. ఆడతారు, క్లబ్బుల్లో పాయింటుకింత అని. అక్కడ అది జూదమే అనడానికి నాకు మొహమాటం లేదు. అసలు 1967 తీర్పులోనే రెండో సగం ఒకటి ఉంది: ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరమవుతుందని. రమ్మీ కంపెనీలు మొదటి సగాన్ని మాత్రం బాగా కంఠస్థం చేశాయి. నైపుణ్యమా అదృష్టమా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ అర్ధ శతాబ్దం తిరిగాక, 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందెపు రమ్మీని ఆపాయి. 2025లో కేంద్ర చట్టం ఆ ప్రశ్ననే పక్కకు నెట్టి, నైపుణ్యం ఉన్నా లేకపోయినా డబ్బుతో ఆన్‌లైన్ ఆట వద్దంది. నా ఉద్దేశంలో అది సరైన గీత. నైపుణ్యం అన్నది పందేనికి లైసెన్సు కాకూడదు. అదే లెక్కన, పందెం లేని చోట నైపుణ్యానికి పేకాట అన్న మచ్చ అంటకూడదు.

ఇది ఆఫీసర్ల క్లబ్బుల ఆట, రిటైరైనవాళ్ల ఆట అన్న మాట కూడా ఉంది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జోడీల స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కు 56. దాన్ని చూసి నవ్వినవారున్నారు. క్లబ్బుల ఆట కావడానికి కారణం ఆటలో లేదు, నేర్పే చోటు క్లబ్బు ఒక్కటే కావడంలో ఉంది. నాలుగు బల్లలు, నాలుగు బోర్డులు, ఒక గది ఉంటే చాలిన ఆటకు క్రికెట్ మైదానమంత ఖర్చు లేదు. మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ గానీ, పుంగనూరు డిగ్రీ కాలేజీ గానీ వారానికి ఒక సాయంత్రం ఇస్తే మొదలవుతుంది. షరతు ఒక్కటే, పైసా పందెం ఉండకూడదు.

కన్వెన్షన్లు నేర్చుకోవడం పిల్లల వల్ల కాదన్న అభ్యంతరంలో మాత్రం కొంత నిజం ఉంది. పెద్ద జోడీలు వందల పేజీల ఒప్పందాలు రాసుకుంటారు, వాటిని బట్టీ పట్టించడం మొదలుపెడితే ఆట చచ్చిపోతుంది. మొదటి ఏడాదికి పాయింట్ల లెక్క, స్టేమన్, బ్లాక్‌వుడ్ చాలు. ఎక్కువ ఒప్పందాలున్న జోడీ కన్నా, ఉన్న నాలుగూ ఇద్దరికీ ఒకేలా గుర్తున్న జోడీ బాగా ఆడుతుంది. ముందు కావలసింది తెలుగులో ఒక కన్వెన్షన్ కార్డు. తురుపు, పట్టు, ఇస్పేటు అన్న మాటలు ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. మిగతావి తేల్చే పనిని ద్రావిడ భాషల కోసం 1997లో కుప్పంలో పెట్టిన విశ్వవిద్యాలయం తీసుకోవచ్చు. ఆ కార్డు అచ్చుకు ఒక కాగితం, రెండు వైపులా చాలు.