దండం ఒడ్డునే పెట్టండి

డిసెంబర్ 4 నౌకాదళ దినోత్సవం. ఆ సమయంలో పిట్టలవానిపాలెం, బాపట్ల, రేపల్లె, తెనాలి నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖ వెళ్లేవారున్నారు. తప్పకుండా వెళ్లండి. రామకృష్ణా బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకానికి దండం పెట్టండి. నీళ్లలోకి మాత్రం దిగకండి.

1971 యుద్ధంలో డిసెంబర్ 3 అర్ధరాత్రి, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ తీరం ఎదుటే మునిగింది. అందులోని తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. అదే నెల 9న అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగి 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడవలేదు. కర్తవ్యం కోసం ప్రాణాలిచ్చినవారిని తలుచుకోవడానికి వెళ్లి, ఒక ఫొటో కోసం బిడ్డను పోగొట్టుకోవద్దు.

మనది కాలువల సీమ. చిన్నప్పుడే ఈత వస్తుంది. ఆ ధైర్యమే సముద్రం దగ్గర ముంచుతుంది. కాలువలో గట్టు చేతికందుతుంది. బీచ్‌లో అలా కాదు. ఒడ్డుకొచ్చిన అలల నీరు ఒక పాయగా కూడి లోపలికి లాక్కుపోతుంది. గజ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో ఇలా కొట్టుకుపోయినవారి దుఃఖం మనం చూసిందే.

అలలు విరిగే వరసలో ఒకచోట నీరు నిమ్మళంగా కనిపిస్తే, ప్రమాదం అక్కడే ఉండొచ్చు. నీరు బురదరంగు తిరిగినా, నురుగు లోపలికి పోతున్నా, కాళ్లకింద ఇసుక జారిపోతున్నా వెంటనే వెనక్కి రండి. డిసెంబరులో తుపానులొస్తాయి. హెచ్చరిక ఉంటే ప్రయాణమే వాయిదా వేయండి.

పూలు స్మారకం దగ్గరే ఉంచండి. అలల్లో వదలాలని మోకాలిలోతుకు కూడా దిగకండి. అదే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియంలో దారులు ఇరుకు. తోసుకోకండి. జనంలో పసివాళ్ల చేయి వదలకండి. వాళ్ల జేబులో మీ ఫోన్ నంబరు రాసి పెట్టండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. అలా దూకి ఇద్దరూ పోయిన ఇళ్లున్నాయి. తాడో, ఖాళీ డబ్బానో విసరండి. గట్టిగా అరిచి గజ ఈతగాళ్లను, జాలర్లను పిలవండి. 112కు ఫోన్ చేయండి. చిక్కుకున్నవారు ఎదురీదకూడదు. వెల్లకిలా తేలుతూ చేయెత్తాలి. ఓపికుంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

పిల్లల్ని తీసుకెళ్లే మాస్టార్లకు, తల్లిదండ్రులకు, కలిసి బయలుదేరే కాలేజీ కుర్రాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాం. అక్కడికెళ్లాక అలలు చూస్తే ఎవరూ మాట వినరు. బస్సో రైలో ఎక్కకముందే అందరి దగ్గరా మాట తీసుకోండి.